ఎన్‌క్రుమా పేరు అందరికీ తెలుసు, డాంక్వా ఎవరికైనా తెలుసా?

గ్రూప్స్_రెండోసారి
గ్రూప్స్‌కి చదువుతున్నా. అలీనోద్యమం చాప్టర్లో నెహ్రూ, నాసర్, టిటో, సుకర్ణో, ఎన్‌క్రుమా అని ఐదు పేర్లు బట్టీ పట్టించి వదిలేశారు. నిన్న రాత్రి ఎన్‌క్రుమా గురించి ఇంకాస్త చదువుదామని కూర్చుంటే జె.బి. డాంక్వా అనే లాయర్ దగ్గర ఆగిపోయా. ఘనా ఇంకా గోల్డ్ కోస్ట్‌గా ఉన్న రోజుల్లో స్వాతంత్ర్యం కోసం పార్టీ పెట్టినవాళ్ళలో ముందున్నది ఈయన, ఎన్‌క్రుమాని లండన్ నుంచి పిలిపించి సెక్రటరీని చేసింది కూడా ఆ పార్టీయే, చివరికి అదే ఎన్‌క్రుమా ప్రభుత్వం విచారణ లేకుండా జైల్లో పెడితే 1965 ఫిబ్రవరి 4న అక్కడే చనిపోయాడు. చదివాక రెండింటి దాకా నిద్ర పట్టలేదు. మా మెటీరియల్లో ఆయన మీద ఒక్క లైను లేదు. తెలిసినవాళ్ళుంటే చెప్పండి. పరీక్ష కోసం కాదు, నాకే కావాలి.

సాయంత్రం_టీ
పేరు వినడం ఇదే మొదటిసారి. ఎవరైనా చెప్తే నేనూ వింటా.

తేమా_తెలుగోడు
తమ్ముడూ, నేను ఘనాలోనే తేమాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, ఫ్యాక్టరీ ఉద్యోగం. అక్రాలో ఒసు పక్కన డాంక్వా సర్కిల్ అని పెద్ద కూడలి ఉంది, మధ్యలో ఆయన విగ్రహం. మొదటి రెండేళ్ళు నాకది ట్రాఫిక్ జామయ్యే చోటు, అంతే. తర్వాత ఓసారి మా డ్రైవర్ని ఎవరీ విగ్రహం అనడిగితే పర్సులోంచి పది సెడీల నోటు తీసి చూపించాడు. 2007 నుంచి వచ్చిన నోట్ల మీద ఆరుగురి బొమ్మలుంటాయి, బిగ్ సిక్స్ అంటారు ఇక్కడ. డాంక్వా, ఎన్‌క్రుమా, అకో అజెయ్, ఒబెట్సెబీ లాంప్టీ, అకుఫో అడ్డో, విలియం ఒఫోరీ అట్టా. 1948లో అల్లర్లు జరిగినప్పుడు బ్రిటిష్ వాళ్ళు కలిపి అరెస్ట్ చేసింది ఈ ఆరుగుర్నే.

ఇప్పుడు ఆ నోటు చేతిలో పెట్టుకుని ఒక్కొక్కరి కథ చూడండి. డాంక్వా జైల్లో పోయాడు. ఒబెట్సెబీ లాంప్టీ కూడా 1963లో నిర్బంధంలో ఉండగానే క్యాన్సర్‌తో పోయాడు. అకో అజెయ్‌కి మరణశిక్ష పడింది, తర్వాత తగ్గించారు. ఇవన్నీ జరిగినప్పుడు దేశాధ్యక్షుడు అదే నోటు మీదున్న ఎన్‌క్రుమా. అందరూ పక్కపక్కనే ఉన్నారు. కూరగాయలకి ఆ నోటు ఇచ్చేటప్పుడు కూడా ఒక్కోసారి చేయి ఆగుతుంది నాకు.

సాయంత్రం_టీ
@తేమా_తెలుగోడు అన్నా, నోటు ముక్క చదివి ఒళ్ళు జలదరించింది.

గ్రూప్స్_రెండోసారి
అన్నా, అకో అజెయ్ అంటే పార్టీ సెక్రటరీ పనికి ఎన్‌క్రుమా పేరు సిఫారసు చేసినాయనేనా?

తేమా_తెలుగోడు
ఆయనే.

బ్లాక్‌కోటు
లేటుగా చూశా. ఈయన గురించి నేను చాలా ఏళ్ళుగా చదువుతున్నా, రాజ్యాంగం సబ్జెక్టు మీద పిచ్చితో మొదలైంది, కాబట్టి పోస్టు పొడుగైతే క్షమించాలి.

పుట్టింది 1895లో, క్వాహు ప్రాంతంలోని బెపాంగ్. సవతి అన్న నానా ఒఫోరీ అట్టా, అక్యెం అబువాక్వాకి రాజు, కైబీ వాళ్ళ రాజధాని. కుర్రవాడుగా ఉన్నప్పుడు అక్రాలో ఒక బారిస్టర్ దగ్గర గుమాస్తా, తర్వాత సుప్రీంకోర్టులో క్లర్కు. అంటే లా చదవకముందే ప్లీడరు గుమాస్తా పని చేసినవాడు. కోర్టుల్లో తిరిగేవాళ్ళకి తెలుసు, కాగితం ఎక్కడ ఆగుతుందో గుమాస్తాకి తెలిసినట్టు లాయర్‌కి కూడా తెలీదు. 1921లో అన్నగారు లండన్ పంపిస్తే అక్కడ మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు (@గ్రూప్స్_రెండోసారి, నీ పేరు చూసే ఈ మాట రాస్తున్నా తమ్ముడూ, ధైర్యంగా ఉండు). తర్వాత ఫిలాసఫీలో డిగ్రీ, 1926లో లండన్‌లోనే ఇన్నర్ టెంపుల్ నుంచి బారిస్టర్, 1927లో ఫిలాసఫీలో డాక్టరేట్. తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టాడు, 1931లో పత్రిక పెట్టాడు, అకాన్ ప్రజలు దేవుణ్ణి ఎలా అర్థం చేసుకుంటారో దాని మీద 1944లో పుస్తకం వేశాడు. 1947 ఆగస్టు 4న సాల్ట్‌పాండ్‌లో యూజీసీసీ (యునైటెడ్ గోల్డ్ కోస్ట్ కన్వెన్షన్) పార్టీ మొదలైంది, ఎన్‌క్రుమాని లండన్ నుంచి పిలిపించింది ఇదే.

అసలు చెప్పాలనుకున్నది 1961 నాటి అకోటో కేసు. 1958లో ఘనా ప్రభుత్వం ప్రివెంటివ్ డిటెన్షన్ యాక్ట్ తెచ్చింది, విచారణ లేకుండా ఐదేళ్ళ దాకా లోపల పెట్టొచ్చు. అశాంతి రాజుగారి తరఫున సభలో మాట్లాడే పెద్దమనిషి బాఫోర్ ఒసెయ్ అకోటోనీ ఇంకొందర్నీ దాని కింద పట్టుకెళ్ళారు. వాళ్ళ తరఫున నిలబడింది డాంక్వా. 1960 రాజ్యాంగంలో 13వ అధికరణం ప్రకారం అధ్యక్షుడు పదవి తీసుకునేటప్పుడు పౌరుల స్వేచ్ఛని, కోర్టుకెళ్ళే హక్కుని కాపాడతానని ప్రకటన చెయ్యాలి. అంత ప్రకటన చేసినాక ఈ చట్టం ఎలా చెల్లుతుందని ఈయన వాదన. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ ప్రకటన ఇంగ్లండ్ రాణి పట్టాభిషేకప్పుడు చేసే ప్రమాణం లాంటిది, నైతిక బాధ్యతే తప్ప కోర్టులో అమలు చేయించే హక్కు కాదు, నచ్చకపోతే జనం ఓటుతో చెప్పుకోవాలి అంది.

ఆ తీర్పొచ్చిన కొద్దిరోజులకే, 1961 అక్టోబర్ 3న, డాంక్వాని అదే చట్టం కింద తీసుకెళ్ళారు. ఏ చట్టం చెల్లదని నల్లకోటు వేసుకుని నిలబడి వాదించాడో ఆ చట్టం కిందే.

మానుకోట_మాస్టారు
ఆ చివరి రెండు వాక్యాలు మళ్ళీ మళ్ళీ చదివానండి.

ఎర్రమందారం
నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి. ఇలా రాస్తే చదివినవాళ్ళు ఎన్‌క్రుమాని రాక్షసుడనుకుంటారు. డాంక్వా పార్టీలో ఉన్నది లాయర్లు, వ్యాపారులు, రాజవంశీకులు. వాళ్ళ నినాదమే వీలైనంత త్వరలో స్వపరిపాలన, ఎన్‌క్రుమా వచ్చి ఇప్పుడే అన్నాడు. 1949 జూన్‌లో విడిపోయి సీపీపీ అని సొంత పార్టీ పెడితే మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్ళు, స్కూలు చదువు మధ్యలో ఆగిన కుర్రాళ్ళు, రైల్వే కార్మికులు అందరూ ఆయన వెనకాలే నడిచారు. 1951 ఎన్నికల్లో జనం ఓట్లతో భర్తీ అయ్యే 38 సీట్లలో 34 సీపీపీవే, నాయకుడేమో జైల్లో ఉన్నాడు. 1954లో డాంక్వా సొంత ఊరివైపు సీట్లో ఓడిపోయాడు. 1960 అధ్యక్ష ఎన్నికల్లో ఎన్‌క్రుమాకి 10 లక్షల 16 వేల పైచిలుకు, డాంక్వాకి లక్షా 24 వేల పైచిలుకు. 1948 అల్లర్ల మీద వేసిన వాట్సన్ కమిషన్ కూడా డాంక్వా గురించి రాసింది, చాలా తెలివిగల మనిషే గానీ ఏ ఎండకా గొడుగు పట్టే జబ్బుందని. ఇంకా, ఆయన జైల్లో ఉన్నప్పుడు ఇంటికి అమెరికా డబ్బు అందిందనే ఆరోపణ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

బ్లాక్‌కోటు
@ఎర్రమందారం అక్కా, ఓట్ల లెక్కలతో నాకు పేచీ లేదు. 1960 పోలింగ్ ఎంత స్వేచ్ఛగా జరిగిందన్న దాని మీద చాలామంది అనుమానాలు రాశారు, అయినా ఎన్‌క్రుమాయే జనం మనిషి, దాన్ని నేను కాదనను. వాట్సన్ కమిషన్ మాట సరే, కానీ ఆ కమిషన్ వేసిందెవరు? తెల్లదొరలు. ఎన్‌క్రుమా మీద వాళ్ళు రాసింది ఇంకా ఘాటుగా ఉంటుంది, దాన్ని మీరు ప్రమాణంగా తీసుకోరు కదా. అమెరికా డబ్బు సంగతి ఇప్పటికీ అక్కడ గట్టిగా వాదించుకుంటారు, నేను తీర్పు చెప్పలేను. కానీ నా ప్రశ్న ఒక్కటే. అది నిజమే అనుకున్నా, కోర్టులో పెట్టి రుజువు చెయ్యొచ్చుగా? ఎందుకు చెయ్యలేదు?

ఎర్రమందారం
అప్పటి పరిస్థితి చూడాలి. 1962 ఆగస్టులో కులుంగుగులో ఎన్‌క్రుమా మీద బాంబేశారు. 1964 జనవరి 2న కాపలా పోలీసే కాల్చాడు. పక్క దేశం టోగోలో 1963లో అధ్యక్షుణ్ణి చంపేశారు. కాంగో ప్రధానిగా చేసిన లుముంబాని చంపిన సంగతి అందరికీ తెలుసు. అలాంటి భయంలో ఉన్న మనిషి.

బ్లాక్‌కోటు
భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కులుంగుగు కేసు ముగింపు కూడా చెప్పండి. అకో అజెయ్‌నీ ఇంకొందర్నీ విచారించి చీఫ్ జస్టిస్ కోర్సా గారి బెంచి 1963 డిసెంబర్లో వదిలేస్తే, చీఫ్ జస్టిస్‌నే ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ బెంచిలో ఇంకో జడ్జి ఎవరో తెలుసా, అకుఫో అడ్డో. నోటు మీద బొమ్మున్న ఒకాయన ముద్దాయి, ఇంకొకాయన జడ్జి, మూడో ఆయన తీర్పు నచ్చని అధ్యక్షుడు.

సాయంత్రం_టీ
టీ చల్లారిపోయింది, ఇంకోటి పెట్టుకొస్తా, ఆపకండి.

గౌడ్_గారి_అబ్బాయి
నాకు ఘనా రాజకీయాలు తెలీవు గానీ ప్రివెంటివ్ డిటెన్షన్, అదే పీడీ యాక్ట్, అన్న మాట చూసి రాస్తున్నా. మా చిన్నాన్నని కొన్నేళ్ళ కింద పీడీ యాక్ట్ పెట్టి తీస్కపోయిన్రు. కేసులున్నయ్, కాదనను, కానీ అన్నిట్లో బెయిల్ వచ్చినాక, ఇంటికి వస్తడని పిన్ని వంట చేసి కూసున్న రోజు జైలు గేటు దగ్గరే ఇంకో కాగితం చేతిల పెట్టి మళ్ళ లోపలికే పంపిన్రు. ఆ కాగితం నేనే చదివి పిన్నికి చెప్పాల్సొచ్చింది. ఎన్ని రోజులు అంటే చెప్పలేకపోయిన. అడ్వైజరీ బోర్డు అన్నరు, హైకోర్టు అన్నరు, ఎనిమిది నెలలు పట్టింది. శిక్ష పడితే కనీసం తేదీ ఉంటది, లెక్కబెట్టుకుంటం. తేదీ లేకుండా ఉండుడు చాలా కష్టం.

గ్రూప్స్_రెండోసారి
అన్నా 🙏 పిన్నిగారు ఎలా ఉన్నారిప్పుడు?

గౌడ్_గారి_అబ్బాయి
బాగున్నది తమ్మీ. చిన్నాన్న ఆటో నడుపుకుంటున్నడు.

బ్లాక్‌కోటు
ఈ దారం మనకీ ఘనాకీ మధ్య గట్టిగానే ఉంది. మన పార్లమెంటు ప్రివెంటివ్ డిటెన్షన్ యాక్ట్ చేసింది 1950లోనే, రాజ్యాంగం అమల్లోకొచ్చి నెల తిరక్కుండా. దాని కింద లోపలున్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ కోర్టుకెళ్తే చట్టం దాదాపు మొత్తం నిలబడింది. ఎమర్జెన్సీలో 1976 నాటి జబల్పూర్ కేసులో, నిర్బంధంలో ఉన్నవాళ్ళు విడుదల కోసం కోర్టుకి రాలేరని సుప్రీంకోర్టు అంటే జడ్జీల్లో ఖన్నా గారొక్కరే కాదన్నారు. తెలంగాణలో ఇప్పుడు వాడేది 1986 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం, ఏడాది దాకా ఉంచొచ్చు, దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని 2023లో సుప్రీంకోర్టే గట్టిగా చీవాట్లు పెట్టింది. మన దగ్గర కనీసం కారణాలు చెప్పాలి, బోర్డు ముందు పెట్టాలి, కోర్టు తలుపు తట్టొచ్చు. డాంక్వాకి అకోటో తీర్పు తర్వాత ఆ తలుపే మూసుకుపోయింది.

ఏలూరు_కోకో
ఘనా అనగానే వచ్చా, మాది కొబ్బరిలో అంతరపంటగా ఆరెకరాల కోకో. ఈ లాయరుగారికీ కోకో రైతులకీ ఏమైనా సంబంధం ఉందాండీ?

బ్లాక్‌కోటు
ఉంది రైతుగారూ, చాలా ఉంది. 1937లో అక్కడి యూరప్ కంపెనీలు మూకుమ్మడిగా ఒప్పందం చేసుకుని ఇంత రేటుకు మించి కొనకూడదని కట్టుబడ్డాయి. రైతులేమో పంట అమ్మం పొమ్మన్నారు. 1938 ఏప్రిల్ దాకా కోకో బస్తాలు ఊళ్ళల్లోనే ఉండిపోయాయి. రాజులు, రైతులు, లారీల వాళ్ళు అందరూ ఒక్కటయ్యారు, డాంక్వా రైతుల పక్షాన ఉన్నాడు. ఆఖరికి లండన్ నుంచి కమిషన్ దిగాల్సొచ్చింది.

ఏలూరు_కోకో
అబ్బ! ఆరు నెలలు బస్తా కదల్చకుండా ఉన్నారంటే మాటలు కాదండీ. గింజ పులియబెట్టి ఎండబెట్టాక కాస్త చెమ్మ తగిలినా బూజొచ్చేస్తుంది, వానాకాలం మొదలైతే ఇంట్లో మనం పడుకునే చోట కూడా బస్తాలే. 2024లో కిలో వెయ్యి దాకా చూశాం, ఆ తర్వాత పడిపోయి కొనేవాళ్ళు మొహం చాటేశారు, మేం రోడ్డెక్కాం. పక్కూరాయన నెల ఆగలేక అమ్మేశాడు, కూతురి ఫీజు కట్టాలి మరి. ఆ రోజుల్లో అంతమందిని ఆపగలిగారంటే దండం పెట్టాలి.

కోనసీమ_కుర్రోడు
మా దగ్గర 2011లో క్రాప్ హాలిడే చేసినప్పుడు కూడా ఇదే మాటనుకున్నాం, ఊరంతా ఒక్క మాట మీదుంటేనే అవుతుంది.

తేమా_తెలుగోడు
@ఏలూరు_కోకో గారూ ఇంకోటి. ఇక్కడ లెగాన్‌లో ఘనా యూనివర్సిటీ ఉంది. 1940ల్లో లండన్ వాళ్ళు పశ్చిమ ఆఫ్రికా మొత్తానికి ఒక్క యూనివర్సిటీ చాలు, అది నైజీరియాలో ఇబాదాన్‌లో పెడదామన్నారు. మా పిల్లలకి మా దగ్గరే కావాలని పట్టుబట్టినవాళ్ళలో డాంక్వా ముందున్నాడు. 1948లో వచ్చింది, దానికి కోకో సొమ్మే ఆసరా. మా సూపర్‌వైజర్ కూతురు అక్కడే చదువుతోంది. వాళ్ళ నాన్న ఎన్‌క్రుమా వీరాభిమాని, అయినా ఆ ఒక్క విషయంలో డాంక్వాకి చేతులెత్తి మొక్కుతాడు. దేశానికి ఘనా అన్న పేరు సూచించింది కూడా ఈయనే అంటారు, లండన్లో బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని పాత ఘనా సామ్రాజ్యం గురించి తవ్వాడట.

ఎర్రమందారం
యూనివర్సిటీ విషయం నేనూ ఒప్పుకుంటా. స్కూళ్ళు, అకొసొంబో డ్యాము, తేమా రేవు ఎన్‌క్రుమావి. మీరు ఉద్యోగం చేసే ఊరే ఆయన కట్టించింది కదా అన్నా.

తేమా_తెలుగోడు
నిజమే అక్కా. నేను తినే అన్నం ఎన్‌క్రుమా కట్టిన రేవుదే, దాన్ని మర్చిపోను.

పల్నాటి_పిల్ల
ఇంతమంది ఇన్ని రాశారు, మేబెల్ డవ్ గురించి ఒక్కరూ ఎత్తలేదు! డాంక్వా పత్రికలో ఆడవాళ్ళ శీర్షిక మార్జొరీ మెన్సా అన్న మారుపేరుతో రాసేది ఆవిడే. 1933లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు, తర్వాత విడిపోయారు. ఆవిడ వెళ్ళి ఎన్‌క్రుమా పార్టీలో చేరి 1954 ఎన్నికల్లో గెలిచింది, అక్కడి చట్టసభకి ఎన్నికైన మొదటి మహిళ. అదే ఎన్నికల్లో డాంక్వా ఓడిపోయాడు, ఓడించింది ఆ సవతి అన్న రాజుగారి కొడుకే, ఆరన్ ఒఫోరీ అట్టా, ఆయనా ఎన్‌క్రుమా పార్టీయే. ఇంట్లోనే రెండు పార్టీలు అంటే మా పల్నాడు వాళ్ళకి కొత్తేం కాదు గానీ, ఆవిడ పేరు కూడా మెటీరియల్లో ఉండాలి.

గ్రూప్స్_రెండోసారి
అక్కా ఇది నాకు అస్సలు తెలీదు, రాసుకున్నా.

మానుకోట_మాస్టారు
నాకు చదువుతున్నంతసేపూ ప్రకాశం పంతులుగారే గుర్తొస్తున్నారు. ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై రావడం, రెండు చేతులా సంపాదించే ప్రాక్టీసు, సొంత పత్రిక, చివర్లో చేతిలో ఏమీ మిగలకపోవడం. పంతులుగారు పోయింది 1957 మే, ఘనాకి స్వాతంత్ర్యం వచ్చింది అదే ఏడు మార్చి 6న.

బ్లాక్‌కోటు
మాస్టారూ, పోలిక బాగుంది, ఒక్కచోట తప్ప. పంతులుగారు జనంలో కలిసిపోయేవారు, సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకి ముందు చొక్కా గుండీలు విప్పి నిలబడ్డారు. డాంక్వా బలం కాగితం మీద, కోర్టులో. మైదానంలో ఎన్‌క్రుమా ముందు ఆగలేకపోయాడు. నాకాయన ఇష్టమే, అయినా ఇది చెప్పకపోతే అబద్ధమవుతుంది.

మానుకోట_మాస్టారు
ఒప్పుకుంటున్నా.

ఎర్రమందారం
కైబీ హత్య కేసు సంగతో? డాంక్వా అన్న ఒఫోరీ అట్టా రాజుగారు 1943లో పోయాక అంత్యక్రియల సందర్భంలో అపెద్వా గ్రామ పెద్దని బలిచ్చారని రాజకుటుంబం వాళ్ళ మీద కేసు. డాంక్వా ఏళ్ళ తరబడి అప్పీళ్ళు వేసి లాక్కొచ్చాడు.

బ్లాక్‌కోటు
వేశాడు, లండన్‌లో ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ దాకా. చివరికి 1947లో ముగ్గుర్ని ఉరి తీశారు. ముద్దాయిలు బంధువులు కాబట్టే అప్పీళ్ళు వేశాడంటారు కొందరు. నా మటుకు నేను ఉరికంబం ముందున్న మనిషి తరఫున చివరి కాగితం దాకా పోరాడిన లాయర్ని తప్పుపట్టలేను. చనిపోయిన ఊరిపెద్ద కుటుంబం వైపు నుంచి చూస్తే వేరేలా ఉంటుంది, అదీ నిజమే.

గౌడ్_గారి_అబ్బాయి
లాయర్ సాబ్, జైల్ల ఏమైంది ఆయనకి? గది ఎట్లుండె?

బ్లాక్‌కోటు
మొదటిసారి 1962 జూన్‌లో వదిలారు. రెండోసారి 1964 జనవరి 8న పట్టుకుని న్సావాం జైల్లో పెట్టారు. 1964 మే 9న అక్కణ్ణించి ఎన్‌క్రుమాకి ఉత్తరం రాశాడు, దొరికితే అందరూ చదవాలి. మాటకి మాట దించడం లేదు, సారాంశం చెప్తా. ఆరడుగులు తొమ్మిదడుగుల గది. మంచం లేదు, కుర్చీ లేదు, రాసుకోడానికి బల్ల లేదు. సిమెంటు నేల మీద రెండు కంబళ్ళు, ఆ నేల మీదే గొంతుక్కూర్చుని తిండి, పక్కనే మలమూత్రాల పాత్ర, మంచినీళ్ళ కూజా. బైబిల్ తప్ప పుస్తకం ముట్టనివ్వలేదు. అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు.

అందులో ఒక చోట పాత రోజులు గుర్తు చేస్తాడు. 1948లో మన ఆరుగుర్ని తెల్లవాళ్ళు ఉత్తరాదికి పంపినప్పుడు మర్యాదగా చూశారు, ఒక్కొక్కరికీ సామాన్లున్న బంగళా, తోట, నేను నా టైప్‌రైటర్ కూడా వెంట తీసుకెళ్ళాను, నీకు గుర్తుండే ఉంటుంది అని. ఉత్తరం నిండా వేడికోలే, నన్ను ఇంటికి పంపమని మర్యాదగా అడుగుతాడు.

గౌడ్_గారి_అబ్బాయి
టైప్‌రైటర్...

పల్నాటి_పిల్ల
నాకు కళ్ళు తడిశాయి.

ఎర్రమందారం
ఈ ఉత్తరం సంగతి నాకు తెలీదు. ఎన్‌క్రుమా మీద నా గౌరవం పోదు, కానీ ఆ ఉత్తరానికి ఆయన జవాబివ్వాల్సింది.

తేమా_తెలుగోడు
అక్రా నుంచి కుమాసీ వెళ్ళే దారిలోనే న్సావాం. బండి ఆగగానే తల మీద రొట్టెల గంపలతో ఆడవాళ్ళు కిటికీల దగ్గరికి పరిగెత్తుకొస్తారు, ఆ రొట్టె వాసన బండంతా నిండిపోతుంది. అందరం కొంటాం. ఆ ఊరి జైలు గురించి బండిలో ఎవరూ మాట్లాడుకోరు. ఇంకొంచెం ముందుకెళ్తే కైబీకి దారి, ఆయన్ని పూడ్చింది అక్కడే.

సాయంత్రం_టీ
ఇప్పుడు అక్కడివాళ్ళు ఆయన్ని ఎలా చూస్తారన్నా?

తేమా_తెలుగోడు
పార్టీని బట్టి. ఇక్కడి పెద్ద పార్టీల్లో ఒకటైన ఎన్పీపీ వాళ్ళు ఆయన్ని మూలపురుషుడంటారు, 2017 నుంచి అధ్యక్షుడిగా చేసిన అకుఫో అడ్డో ఆయనకి మనవడి వరస, నోటు మీదున్న జడ్జిగారి కొడుకు. వాళ్ళు వచ్చి 2019లో ఆగస్టు 4ని వ్యవస్థాపకుల దినం చేశారు. ప్రభుత్వం మారాక 2025లో మళ్ళీ ఎన్‌క్రుమా పుట్టినరోజు సెప్టెంబర్ 21కే తెచ్చారు. మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో వారం రోజులు అదే గొడవ.

గ్రూప్స్_రెండోసారి
అందరికీ థ్యాంక్స్. దీన్ని తెలుగులో వ్యాసంగా రాద్దామనుకుంటున్నా. మేబెల్ డవ్ ఉంటుంది, ఎర్రమందారం అక్క చెప్పిన ఓట్ల లెక్కలూ ఉంటాయి. లాయర్ అన్నా, ఆ ఉత్తరం నాకు తెలుగు చేసి పెట్టరూ, కోర్టు భాష నాకు రాదు.

బ్లాక్‌కోటు
చేస్తా తమ్ముడూ. ఆదివారం కూర్చుంటా.

ఎర్రమందారం
డ్రాఫ్టు నాకు కూడా పంపు, ఎన్‌క్రుమా భాగం నేను చూస్తా.

ఏలూరు_కోకో
కోకో బస్తాల ముక్క మర్చిపోవద్దు బాబూ.

తేమా_తెలుగోడు
విగ్రహం ఫోటో నేను తీసి పెడతా. ఆదివారం పొద్దున్నే వెళ్తా, ట్రాఫిక్ ఉండదు.